మేస్త్రి పాదాలు

మే 6, మంగళవారం

చెల్లాయికి,

కునుకైనా తీయని దేవుడు ఆ ఆసుపత్రి వార్డులో నీకు రాత్రింబగళ్లు కాపలా ఉండుగాక!

మొదటి పరీక్ష గట్టెక్కావని రాశావు. నేనూ మీ వదినా మోకాళ్లూని స్తోత్రం చెప్పుకున్నాం. కాలినవాళ్లకు కట్లు కట్టడం మాటలా? నేను అగ్నిగుండం గురించి నోటితో చెబుతాను. నువ్వు రోజూ దాని అంచున కూర్చుని చేతులతో పనిచేస్తున్నావు. ఈ ఏడాది శిక్షణ ఎలాగోలా పూర్తి చెయ్యి. హాస్టల్లో కుక్కల్ని రానివ్వరు కదా అని దిగులు పెట్టుకోకు. నీ మేస్త్రి ఇక్కడ రాజభోగం అనుభవిస్తున్నాడు.

వాడికా పేరు ఏ ముహూర్తాన పెట్టావో గానీ తల్లీ, నేను షాపులో సైకిలు పంక్చరు వేస్తుంటే ఎదురుగా కూర్చుని, ముందు కాళ్లు చాపి, పనివాడి కూలి కోసేలా చూస్తాడు. మీ వదిన ఇస్త్రీ బట్టలు బండి మీద ఇళ్లకు తీసుకెళ్తుంటే వెనకాల నడుస్తాడు. ఆదివారం నాతో కొండ మీది కాలనీ ప్రార్థన కూటానికి వస్తాడు. నా ప్రసంగం మధ్యలో నోరంతా తెరిచి ఆవలించే ధైర్యం వాడొక్కడికే ఉంది.

ఆ కూటానికి ఇప్పుడు నలభై మంది దాకా వస్తున్నారు. పదిన్నరకంటే పదిన్నరే! ఒక్క నిమిషం దాటినా తలుపు మూసేస్తాను. దీపాల్లో నూనె లేకుండా వచ్చిన ఆ అయిదుగురు కన్యలకు పెళ్లికొడుకు తలుపు తీశాడా? లేదు! "ఇంత కఠినమా బ్రదరూ" అని కుర్చీలు అద్దెకిచ్చే ఆయన సణిగాడు. పరలోకంలో అద్దె కుర్చీలుండవన్నాను.

ఒక్క మాట, కంగారు పడకు. మొన్న ఆదివారం వాడి పాదాలు కాస్త కమిలాయి. ఎండలకు రోడ్డు పెనంలా ఉంది కదా. గ్రంథం తెరిచాను. దొంగలు కొట్టి పడేసిన బాటసారి గాయాలకు ఆ పరదేశి ఏం పోశాడు? నూనె, ద్రాక్షారసం. పదేళ్లుగా సారా కొట్టు ఎదుట మైకు పెట్టి అరుస్తున్నవాణ్ణి, ఇప్పుడు సీసా కోసం గడప తొక్కితే లోపలున్నవాళ్లంతా లేచి చప్పట్లు కొడతారు. అందుకని మందుల షాపులో స్పిరిట్ కొన్నాను. కొబ్బరినూనె ఇంట్లోనే ఉంది. రెండూ పోసి, గుడ్డ చుట్టాను. ఓ కేక వేశాడు. నా బొటనవేలికి కూడా కాస్త గీరుకుంది. తగ్గిపోతుంది.

నీ కోసం ప్రార్థించే
అన్నయ్య


మే 9, శుక్రవారం

అన్నయ్యకు, వందనాలు.

ఈ ఉత్తరం చదవడం ఆపేసి ముందు వెళ్లి ఆ గుడ్డ విప్పు. తర్వాత మిగతాది చదువు.

విప్పావా? ఇక స్పిరిట్ ముట్టుకోకు. చర్మం లేచిపోయిన చోట స్పిరిట్ పోయడమంటే గాయం మీద ఇంకో గాయం చెయ్యడమే. నూనె పోస్తే మట్టీ మురికీ లోపలే అతుక్కుని కూర్చుంటాయి. ఆ పరదేశి దగ్గర పాపం అవే ఉన్నాయి, పోశాడు. నీ ఇంట్లో కుళాయి ఉంది. పసుపు, పేస్టు, ఇంకు, ఎవరేం చెప్పినా వద్దు.

అర లీటరు నీళ్లు కాచి, గోరువెచ్చగా అయ్యాక చెంచాకి కొంచెం తక్కువ ఉప్పు వేసి కరిగించు. పాదాల మీద ధారగా పొయ్యి. రుద్దకు. చుట్టూ వెంట్రుకలు గాయంలోకి పోతుంటే కత్తెరతో జాగ్రత్తగా తగ్గించు. శుభ్రమైన గుడ్డతో అద్దు. అంటుకోని రకం పలచని కట్టు మందుల షాపులో అడుగు. దాని మీద పాత సాక్సు వదులుగా తొడుగు. రోజుకోసారి మార్చు, తడిస్తే వెంటనే మార్చు. వాడు నాకకుండా మెడకు గరాటులా అట్ట కట్టు. మనుషులు గాయం నాకరు కాబట్టి మా వార్డులో ఆ బాధ లేదు. మనుషుల మలాములు వద్దు, నాకితే కడుపులోకి పోతాయి. నొప్పి తగ్గుతుందని మన మాత్ర ఒక్కటి కూడా వెయ్యకు, అది కుక్కల ప్రాణం తీస్తుంది. నేను నేర్చుకుంటున్నది మనుషుల వైద్యం. అందుకే పశువుల డాక్టరుకి ఒకసారి చూపించు.

ఎన్ని పాదాలు? మెత్తలు మాత్రమేనా? పొక్కులున్నాయా, ఒలిచినట్టుందా? గోళ్లెలా ఉన్నాయి? అంతా రాయి. నువ్వు రాసే "కాస్త" నాకు తెలుసు. నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు కూడా "కాస్త నలతగా ఉంది" అనే రాశావు.

షాపుకి రెండుసార్లు ఫోను చేశాను. పనిలో ఉన్నావని ఎవరో చెప్పారు. వార్డెను గదిలోంచి మూడోసారి చేయనివ్వరు.

వాడు పదకొండేళ్లుగా నా మంచం పక్కన పడుకున్నవాడు అన్నయ్యా. మీ బావ పోయినప్పుడు నాకు అన్నం తినిపించింది చుట్టాలు కాదు, కంచం దగ్గర కూర్చుని లేవనివ్వని వీడు.

చెల్లి


మే 13, మంగళవారం

చెల్లాయికి,

మీ వార్డు చదువుకి జోహార్లు! పరదేశి కూడా తప్పు చేశాడని తేల్చావు. సరే. నువ్వు చెప్పినట్టే చేశాం. ఉప్పు నీళ్లు మీ వదిన కాచింది, కాళ్లు ఆమే కడిగింది. నన్ను దగ్గరికి రానివ్వడం లేదు వాడు. పెద్దవాడయ్యాడు, చాదస్తం.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. నాలుగు పాదాలూ. ముందు రెండింటి మెత్తలు పైపొర లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. పొక్కులు లేవు. వెనక కాళ్ల గోళ్లు అరిగాయి, రెండు పూర్తిగా అరిగి నెత్తురు చుక్క పెట్టాయి. ఎడమ మోచేతి దగ్గర అరచేయంత మేర వెంట్రుకలు పోయాయి. అట్ట గరాటు కట్టాం. దాంతో గుమ్మాలన్నీ గుద్దుకుంటూ తిరుగుతున్నాడు, మైకు మింగినవాడిలా.

సాక్సు ఊడిపోతోందని నేను దారంతో గట్టిగా కట్టాను. ఈ రోజు ఎడమ ముందు పాదం వేళ్లు ఉబ్బాయి. కదలకుండా ఉండటం మంచిదే కదా?

మీ వదినకు ఈ వారం పని ఎక్కువ. హోటలు దుప్పట్లు కూడా ఒప్పుకుంది. ఎండలో బండి తోసుకుంటూ తిరిగి వస్తోంది. మేస్త్రి రోజూ వెంట వెళ్లేవాడు, ఇప్పుడు గుమ్మంలోనే కూర్చుని బండి వైపు చూస్తున్నాడు.

డాక్టరు దాకా ఎందుకు? ప్రార్థిస్తున్నాను. విశ్వాసంతో చేసే ప్రార్థన రోగిని లేపుతుంది.

అన్నయ్య


మే 16, శుక్రవారం

అన్నయ్యా,

దారం కోసెయ్. ఇప్పుడే. వేళ్లు ఉబ్బాయంటే రక్తం ఆడటం లేదని అర్థం. కట్టు కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి. ఇంకా ఉబ్బే ఉంటే, వాసన వస్తుంటే, చీము పడితే, తిండి మానేస్తే, నువ్వు ప్రార్థన రిక్షాలో చేసుకో, ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

ఇక అసలు సంగతి. ఎండకి కాలిన కాళ్లకి గోళ్లు అరగవు.

రోజుకి పదిహేను మంది కాలినవాళ్లను చూస్తున్నాను. వేడికి కాలితే పొక్కులొస్తాయి. నువ్వు రాసింది ఒరుసుకుపోయిన గాయం. మా వార్డులో పిండిమర బెల్టులో చెయ్యి ఇరుక్కున్న ఆయనకి అచ్చం అలాగే ఉంది. లోపల ఇసుక రేణువులు దిగబడి ఉంటాయి. ఒక్కొక్కటీ నీళ్ల ధారతో పోగొట్టడానికి మా సిస్టరుకి గంట పట్టింది. ఆయన కనీసం అరవగలడు, ఎవరు చేశారో చెప్పగలడు.

నాలుగు కాళ్లూ ఆనించి, ఆగుదామని చూసినవాణ్ణి ఎవరో కట్టి లాక్కెళ్లారు. వెనక గోళ్లు అరిగిపోయేదాకా బిగబట్టాడు వాడు. చివరికి మోచేతి మీద పడ్డాడు.

రోజూ బండి వెనకాల ఎవరు తీసుకెళ్తారో నువ్వే రాశావు. ఎవరికి తొందరగా ఉందో కూడా రాశావు. వదిన పేరు మీద వేరే చీటీ ఇందులోనే పెట్టాను, ఆమెకివ్వు. అందులో నా నోటికొచ్చింది రాశాను. నేనక్కడుంటే ఇంకా ఎక్కువే అనేదాన్ని. నోరులేనివాణ్ణి బండికి కట్టిందంటే అది చెయ్యా, రాయా?

చెల్లి


మే 19, సోమవారం

చెల్లాయికి,

చీటీ ఇచ్చాను. చదివింది. మడిచి పెట్టుకుంది.

నువ్వు చేసింది మంచి పని కాదు. తీర్పు తీర్చేవాడు ఒక్కడే, ఆయన పైనున్నాడు! నీ కంట్లో దూలం పెట్టుకుని ఎదుటివాళ్ల కంట్లో నలుసు వెతుకుతావా? నోరు చిన్న అవయవమే గానీ అడవినంతా తగలబెట్టే నిప్పు. ఎవరిలో ఏముందో, ఏ పరిస్థితుల్లో ఏం జరిగిందో దూరాన కూర్చున్నవాళ్లకేం తెలుస్తుంది? రాయి విసిరే ముందు నీ చెయ్యి చూసుకో. నిన్నటి ప్రసంగం కూడా దీని మీదే చేశాను. ఇద్దరు ఏడ్చారు.

దారం కోశాం. అప్పటికే ఆలస్యమైంది. ఎడమ ముందు పాదం వాసన వస్తోంది. నిన్నటి నుంచి తిండి ముట్టలేదు. మీ వదిన పొద్దున్నే బండిలో దుప్పట్లు తీసేసి, వాణ్ణి పడుకోబెట్టి, పశువుల డాక్టరు దగ్గరికి తోసుకుంటూ వెళ్లింది. నేను షాపు వదలలేకపోయాను.

ప్రార్థించు.

అన్నయ్య


మే 22, గురువారం

అన్నయ్యా,

నీ ఉత్తరం ఏడుసార్లు చదివాను. తీర్పు తీర్చకు అన్నావు. రాయి విసరకు అన్నావు. "మీ వదిన చెయ్యలేదు" అన్న ఒక్క ముక్క అందులో ఎక్కడా లేదు.

ఆమె చేసి ఉంటే నువ్వు ఇన్ని వాక్యాలు చెప్పవు. "తప్పయిపోయింది చెల్లాయ్, దానికి బుద్ధి చెప్పాను" అని రెండు ముక్కల్లో తేల్చేసేవాడివి. నీ సంగతి నాకు తెలీదా? చిన్నప్పుడు అమ్మ కుండ పగలగొట్టి, గంటసేపు దొంగతనం ఎంత పాపమో నాకు చెప్పావు.

మళ్లీ ప్రసంగం రాస్తే చించేస్తాను. ఒక్కటే అడుగుతున్నాను. ఆ ఆదివారం వాణ్ణి ఎవరు తీసుకెళ్లారు? ఎలా?

డాక్టరు ఏమన్నాడు?

చెల్లి


మే 26, సోమవారం

చెల్లీ,

నేనే.

ఈ రెండక్షరాలు రాయడానికి మూడు రోజులు పట్టింది. నువ్వు ఫోను చేసినప్పుడు కూడా పక్కనే ఉన్నాను. లేనని చెప్పమని నేనే చెయ్యి ఊపాను. గొంతు వింటే కనిపెడతావని.

సైకిలు సీటు వెనక ఒక ఇనుప కడ్డీ వెల్డింగు చేశాను. మూరెడు పొడవు, చివర కొక్కెం. వాడి ఛాతీ పట్టీ గొలుసుతో దానికి తగిలిస్తే చక్రం కిందికి రాడు, నా రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా చేశానని మురిసిపోయాను. పట్టుకున్న తాడయితే వాడు లాగితే చేతికి తెలుస్తుంది, వదిలేయవచ్చు. ఇనుముకి ఏం తెలుస్తుంది? మామూలు వారాల్లో మెల్లగా వెళ్లేవాణ్ణి కాబట్టి ఏమీ కాలేదు.

ఆ రోజు షాపులో ఒకాయన చక్రం వంకర తీయించుకుంటూ నిలబెట్టాడు. బయల్దేరేసరికి పదీ పది. తలుపు పదిన్నరకు మూసేది నేనే. ఆలస్యంగా వస్తే నా తలుపు నాకే మూసుకోవాలి. నలభై మంది నవ్వుతారు. వంతెన దగ్గరి పల్లం ఉంది కదా, అక్కడ బ్రేకు పట్టలేదు. వెనక బరువు తెలిసింది. మొండికేస్తున్నాడనుకున్నాను. తిరిగి చూడకుండా "నడూ!" అని అరిచాను. మూడుసార్లు అరిచాను చెల్లీ. దారిలో దూతను చూసి ఆగిపోయిన గాడిదను ఒక ప్రవక్త మూడుసార్లు కొట్టాడు. ఆ కథ ఎన్నిసార్లు చెప్పి నవ్వించానో. ఆ గాడిదకైనా నోరు వచ్చింది.

పదీ ఇరవై తొమ్మిదికి చేరాను. వాణ్ణి మెట్ల దగ్గర కట్టేశాను. వాడి వైపు చూడలేదు, గడియారం చూశాను. తలుపు మూసి ముప్పావు గంట మంచి కాపరి గురించి ప్రసంగించాను. గొర్రెకు కాపరి స్వరం తెలుసని, కాపరికి ప్రతి గొర్రె పేరూ తెలుసని, గొంతు పగిలేలా.

ఆలస్యంగా వచ్చిన ముసలామె ఒకావిడ బయట ఉండిపోయింది. నేను తలుపు తీసేసరికి మెట్ల మీద కూర్చుని, తన తాగే నీళ్ల సీసా వాడి కాళ్ల మీద పోస్తోంది. మెట్లన్నీ ఎర్రగా ఉన్నాయి. తలెత్తి, "లోపల కాపరి సంగతి బాగా చెప్పావు నాయనా. తలుపు సందులోంచి అంతా విన్నాను. మరి నీ గొర్రెని చూసుకున్నావా?" అంది. అందరూ విన్నారు. "ఎండకి కాళ్లు కాలాయమ్మా" అన్నాను. అలా మొదలైంది. నీకు రాసిన అబద్ధం అక్కడ పుట్టిందే.

మీ వదినకు ఆ సాయంత్రమే తెలిసింది. కడ్డీ చూసింది, కాళ్లు చూసింది. నీ చీటీ చదివి మడిచి, "బండికి కట్టి ఈడ్చానంటోంది. అననివ్వండి. మీరు ఆదివారం మైకు పట్టుకోవాలి. నేను బట్టలేగా మోసేది, ఇది కూడా మోస్తాను" అంది. ఆ తర్వాత నాతో మాట్లాడటం లేదు. మందు టైమయితే వాడితో చెబుతుంది, నాకు వినబడేలా.

డాక్టరు మత్తిచ్చి గాయాలు కడిగాడు. లోపల ఇసుక ఉందన్నాడు, నువ్వు చెప్పినట్టే. నూనెతో అంటుకుపోయిందట. దారం బిగించిన చోట ఎడమ పాదం వేలు ఒకటి నల్లబడింది. వారంలో తగ్గకపోతే ఆ వేలు తీసేయాలి. పైకి పాకితే కాలు. అంటే మొదటి గాయం నా తొందర, రెండోది నా పాండిత్యం, మూడోది నా దారం.

నిన్న కూటంలో మైకు పట్టుకుని అంతా చెప్పేశాను. కడ్డీ, పల్లం, అబద్ధం అన్నీ. ఏడ్చాను. అందరూ వచ్చి చేతులు పట్టుకున్నారు. గుండె తేలికైంది. ఇక నీ క్షమాపణ ఒక్కటే కావాలి. ఏడు డెబ్బైలసార్లు క్షమించమని

ఇక్కడ ఆపేస్తున్నాను. నీకు వాక్యం చెప్పే నోరు నాకు లేదు.

అన్నయ్య


మే 30, శుక్రవారం

అన్నయ్యా,

ముందు నా తప్పు. వదినకు వేరే ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. నువ్వు విప్పొద్దు. ఆధారం గోళ్లలో కనబడింది, మనిషిని మాత్రం నా కోపంలో వెతుక్కున్నాను. నువ్వు రాసిన ఒక్క పంక్తి చాలింది నాకు, ఇరవై ఏళ్లుగా నాకు తలంటిపోసిన మనిషిని అనుమానించడానికి. ఆమె క్షమించకపోయినా నాకు పని జరిగినట్టే, చెప్పాల్సింది చెప్పాను.

ఇప్పుడు నీది. నలభై మంది ముందు ఏడిస్తే నలభై మంది ఓదారుస్తారు. గుండె తేలికవదూ మరి? ఇంట్లో ఉన్న ఒక్క మనిషికి చెప్పావా? నీ ఉత్తరంలో ఆ ముక్క కోసం వెతికాను. మళ్లీ లేదు.

క్షమించానా అని అడగకు. నాకే తెలీదు. రాత్రి కట్లు కడుతుంటే ఆ పల్లం గుర్తొస్తోంది. "నడూ" అన్నది నీ గొంతే కాబట్టి వాడు లేవడానికే చూసి ఉంటాడు.

సెలవు అడిగాను. రెండు వారాల దాకా ఇవ్వలేమన్నారు. అప్పటిదాకా నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. రోజూ కట్టు మార్చేది నువ్వే. వదిన కాదు. వాడు పళ్లు చూపిస్తే ఆగు, మూతికి గుడ్డ కట్టి ఎలా చెయ్యాలో డాక్టరుని అడుగు, కానీ బలవంతంగా లాగకు. పక్కన కూర్చో. వాడు కాలు ఇచ్చేదాకా కూర్చో. నీకు కూటానికి ఆలస్యమైతే అవనీ.

నాకు రాసేటప్పుడు గాయం రాయి. రంగు, వాసన, తడి, వాపు, తిండి. మా వార్డులో రాసే పద్ధతి అది. వాక్యం వద్దు, పశ్చాత్తాపం వద్దు, నీ కన్నీళ్లు వద్దు. చూసింది మాత్రం రాయి.

చెల్లి


జూన్ 5, గురువారం

చెల్లీ,

జూన్ 1. ఆదివారం. ఎడమ పాదం వేలు ఇంకా నలుపు. వాసన ఉంది. తిండి, రెండు ముద్దలు, మీ వదిన చేతి నుంచి. కట్టు మార్చడానికి వెళ్తే బల్ల కిందికి పోయాడు. బల్ల పక్కన కూర్చున్నాను. పదకొండున్నర అయింది. కూటానికి వెళ్లలేదు. తలుపు తెరిచే ఉంచమని కుర్చీల ఆయనకు తాళం పంపాను. వాడు బయటికి రాలేదు. కట్టు మీ వదినే మార్చింది.

జూన్ 2. డాక్టరు ఆ వేలు తీసేశాడు. కాలు దక్కుతుందన్నాడు. వాణ్ణి బండిలో నేను తోసుకొచ్చాను, మీ వదిన పక్కన నడిచింది. దారిలో ఆమెకు చెప్పాను. నీ చీటీ చేతికిచ్చిన రోజునే నోరు విప్పాల్సింది, విప్పలేదు, నా మీద పడకుండా తన మీద పడనిచ్చానని. మైకులో చెప్పినట్టు రాలేదు. సగంలో మాట తడబడింది. ఆమె, "గుంత ఉంది, చూసి తోయండి" అంది. పదిహేను రోజుల తర్వాత నాతో అన్న మాట అదే.

జూన్ 3. కుట్లు పొడిగా ఉన్నాయి. వాపు కొంచెం. వెనక పాదాలు రెండూ గులాబీ రంగు తిరిగాయి, అంచుల నుంచి కొత్త చర్మం. వాసన లేదు. తిండి సగం గిన్నె. నన్ను చూసి గుర్రుమన్నాడు. కూర్చున్నాను. కట్టు ఆమె మార్చింది.

జూన్ 4. తిండి పూర్తిగా. సాయంత్రం బల్ల కింద నుంచి వచ్చి అడుగు దూరంలో పడుకున్నాడు. ముట్టుకోలేదు.

జూన్ 5. పొద్దున ఉప్పు నీళ్లు గోరువెచ్చగా నేనే కాచాను. గంటా పావు కూర్చున్నాను. కుడి ముందు కాలు నా మోకాలి మీద పెట్టాడు. కడిగాను. మెత్త మధ్యలో ఎరుపు, చెంచా అంత. చుట్టూ పొడి. లోపల ఒక ఇసుక రేణువు కనబడింది, ధారతో పోయింది. కట్టు కింద రెండు వేళ్లు దూరాయి.

ఎడమ కాలి దగ్గరికి చెయ్యి పోగానే లాక్కున్నాడు. వదిలేశాను.

అన్నయ్య